పాలకూరకు ఎరువు... కోత కోతకూ కొంచెం

పది సెంట్ల పాలకూర ఉంటే చిన్న రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. విత్తిన 25–30 రోజులకు మొదటి కోత వస్తుంది. ఆపైన రెండు వారాలకు అటూ ఇటుగా ఒక్కో కోత తీయవచ్చు. కానీ చాలా మడుల్లో రెండో కోతకే ఆకు చిన్నదై పసుపు రంగుకు తిరుగుతుంది. విత్తనాన్ని తిట్టుకునే ముందు ఎరువు ఎలా వేశారో ఒకసారి చూసుకోండి.

దుక్కిలో వేసేవి

పది సెంట్లకు బాగా మాగిన పశువుల ఎరువు 800 కిలోల దాకా వేసి కలియదున్నండి. పచ్చిపేడ వేస్తే కలుపు, చెదలు వెంట వస్తాయి. ఆఖరి దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 12 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 3 కిలోలు, యూరియా 2 కిలోలు వేయాలి. భాస్వరం నేలలో కదలదు కాబట్టి మొత్తం ముందే వేసేయాలి. భూసార పరీక్ష చేయించి ఉంటే, ఆ ఫలితాన్ని బట్టి ఈ మోతాదులు తగ్గించుకోవచ్చు.

పైపాటుగా...

పాలకూరలో మనం అమ్మేది ఆకునే. ప్రతి కోతలో నేలలోని నత్రజని ఆకుతోపాటు బయటికి పోతుంది. అందుకని కోసిన మర్నాడు కలుపు తీసి, పది సెంట్లకు 2 కిలోల యూరియా చల్లి, వెంటనే పలుచగా తడి ఇవ్వండి. మంచు ఆరకముందు చల్లితే ఆకు మీద పడి మాడుతుంది. నీరు మరీ ఎక్కువ పెడితే, అందులోనూ ఇసుక నేలల్లో, యూరియా వేళ్లకు అందకుండా కిందికి దిగిపోతుంది. ఆఖరి కోత అయ్యాక యూరియా అక్కర్లేదు.

చవకని కుమ్మరించకండి

45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. కిలో ఆరు రూపాయలే కదా అని గుప్పెడు ఎక్కువ చల్లడం మనకు అలవాటైపోయింది. అక్కడే దెబ్బతింటాం. ఆకు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది గానీ మెత్తబడి, పేనుబంకను పిలుస్తుంది. తెల్లవారుజామున కోసిన కట్ట రైతుబజారు చేరేసరికి వాడిపోతుంది. ఆకులో నైట్రేటు కూడా పేరుకుంటుంది. అది తినేవాళ్లకు, ముఖ్యంగా పసిపిల్లలకు మంచిది కాదు.

మీరే లెక్క చూసుకోండి

నాలుగు కోతలకు దుక్కిలో ఒకసారి, పైపాటుగా మూడుసార్లు, వెరసి 8 కిలోల యూరియా. ఖర్చు యాభై రూపాయల లోపే. నమ్మకం కుదరకపోతే రెండు సమానమైన మడులు తీసుకోండి. ఒకదానికి ఈ పద్ధతి, ఇంకోదానికి మీ అలవాటు. ప్రతి కోతకూ కట్టలు లెక్కపెట్టి, అమ్ముడుపోయినవి, వాడి పారబోసినవి వేరువేరుగా రాసుకోండి. లాభం బస్తాలో ఉందో, వేసే తీరులో ఉందో నాలుగు కోతల్లో మీకే తెలుస్తుంది.