వేటపక్షుల పంపకము

ఏలూరు జిల్లాలోని నూజివీడు మామిడికి పేరుగన్న సీమ. అచ్చటి తోటలు, వరిచేలు, చేపల చెరువులు, సంతలు మానవుడు కల్పించినవే. అయినను పెక్కు వేటపక్షులు అందు బ్రతుకుచున్నవి. అప్పుడప్పుడు ఒకదాని ఎరను మరియొకటి లాగికొన్నను, వాని నడుమ ఒక పంపకము కలదు.

డేగకు రెక్కలు కురుచ, తోక పొడవు. అందుచే నది కొమ్మల నడుమ దూరి తొండలను, పిట్టలను పట్టును. తెల్లని మేను, నల్లని భుజములు గల చిన్న గద్ద బయలుచేలపై గాలిలో నిలిచి ఎలుకపై దిగును. గరుడపక్షి చెరువులందలి చేపలను, ఎండ్రకాయలను కోరును. నల్లగద్ద సంతలోని మాంసపు తునకల నేరుకొనును. ప్రొద్దు క్రుంకగానే చెట్టుతొర్రలోని పైడికంటె పురుగులకై, చిట్టెలుకలకై బయల్వెడలును. చోటు, ఎర, వేళ వేరగుటచే ఒకే సీమ అన్నిటిని పోషించుచున్నది.

ఈ పంపకము చెడినచో నేమగును? పూర్వము చచ్చిన పశువులు రాబందుల పాలు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరముల ద్వారా వాని కడుపున చేరి మూత్రపిండములను చెరచెను. 1990 తరువాత భారతదేశమున రాబందులు లక్షలకొలది నశించెను. 2006లో ప్రభుత్వము ఆ మందును పశువైద్యమున నిషేధించెను. అప్పటికే కళేబరములు ఊరకుక్కల పాలయ్యెను.

ఎలుకలకు పెట్టు విషమును అట్టి ముప్పునే తేగలదు. విషము తిన్న ఎలుకను తిని గుడ్లగూబ చచ్చినచో, మిగిలిన ఎలుకలకు వేటగాడుండడు. ముదిమామిడిని నరుకుటకు ముందు దాని తొర్రలో కాపురమున్న దెవరో చూడుట తోటవానికే మేలు.