మీకు తెలుసా? పంజరంలో రామచిలుక ఉంటే నేరమే!

ఇంట్లో రామచిలుకను పెంచితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 కింద అది రక్షిత పక్షి. గరిష్ఠ జరిమానా 25 వేల నుంచి లక్షకు పెరిగింది 2022 సవరణతోనే. జామపండు తినిపించి కన్నబిడ్డలా సాకినా చట్టం ఒప్పుకోదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులు నిక్షేపంగా పెంచుకోదగినవి ఆస్ట్రేలియా మూలాలున్న బడ్జెరిగార్లు, కాకటీల్‌లు. మన దగ్గర లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న రంగుల పిట్టలు చాలావరకు బడ్జెరిగార్లే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. బడ్జెరిగార్ కొనేముందు ముక్కుపై ఉబ్బెత్తు చర్మం చూడండి. ఎదిగిన మగపిట్టకు సాధారణంగా నీలం, ఆడదానికి గోధుమరంగు. ఈకలు ఉబ్బించుకుని, ఊపిరి పీల్చినప్పుడల్లా తోక ఊగుతుంటే ఆ పిట్టకు జబ్బు చేసినట్టే, కొనొద్దు.

మిర్యాలగూడలో బియ్యం మిల్లులకు కొదవ లేదు కదా అని నూకలతోనే సరిపెట్టకండి. కొర్రలు, ఆకుకూరలు కూడా ఉండాలి. అవకాడో విషం. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, అందుకే పంజరం వంటింట్లో వద్దు. మన ఎండాకాలంలో నీడ, రోజుకు రెండుసార్లు తాజా నీళ్లు తప్పనిసరి.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉందా? ఉన్నపళంగా ఎగరేయకండి, రెక్కలు కత్తిరించినది బయట బతకదు. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయంలో అప్పగించండి.