అప్పగించిన బిడ్డ వెంట ఆరోగ్యపు కాగితము

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతును గూర్చి ప్రసంగించునప్పుడు మనము సాధారణముగా దావీదు బల్లయొద్దనే ఆగిపోతాము. రాజు కృప చూపాడు, కుంటివాడు రాజుతో కూడ భోజనము చేశాడు, ఆమేన్. అయితే ఆ కథకు ముందొక భాగమున్నది. సమూయేలు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో అది ఒకే ఒక్క వచనము. తండ్రియు తాతయు యుద్ధములో కూలిన వార్త వచ్చినప్పుడు వానికి 5 ఏండ్లు. దాది వానిని ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలో వాడు పడి, రెండు కాళ్లూ కుంటివాయెను. తరువాత వాడు మనకు కనబడేది లోదెబారులో, మాకీరు అను పరాయి మనిషి ఇంట. నడుమ ఆ కాళ్లను ఎవరు చూశారో, కట్టు ఎవరు కట్టారో లేఖనము చెప్పదు. దాది చెడ్డది కాదు, బిడ్డ ప్రాణము దక్కాలనే పరుగెత్తింది. దెబ్బ ఆ కాపాడే తొందరలోనే తగిలింది.

మన గ్రామాలలో ఈ తొందర ఇంకా ఉన్నది. తల్లి చనిపోతుంది, తండ్రి తాగుడులో పడతాడు లేక మరొక ఊరు పోతాడు, అమ్మమ్మకు కూలికి పోయే ఓపిక కూడా ఉండదు. అప్పుడు సంఘములో ఎవరో ఒకరు, ఫలానా టౌనులో ఒక అయ్యగారు పిల్లల హోము నడుపుతున్నారట, అన్నము పెట్టి చదివిస్తారట అంటారు. మరునాడే బిడ్డ బస్సు ఎక్కుతుంది. చేతిలో ఒక బట్టల సంచి, అంతే.

ప్రియులారా, 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము దిక్కులేని బిడ్డ కనబడితే 24 గంటలలోగా పోలీసుకో, 1098కో, జిల్లా బాలల సంక్షేమ సమితికో తెలియజేయవలెను. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఆ సమితియే గాని, మనము కాదు, హోము నడిపే అయ్యగారు కాదు. ఆరేండ్ల లోపు పిల్లలైతే శిశుగృహకు, ఆడపిల్లలైతే బాలసదనమునకు, లేక రిజిస్టరు అయిన మరొక గృహమునకు పంపుతారు. రిజిస్ట్రేషను లేకుండ పిల్లలను ఉంచుకొనువారికి ఒక సంవత్సరము వరకు జైలు, లేక లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేక రెండూ పడవచ్చును. ఇది దేవుని పని, దీనికి కాగితమెందుకు అని అడిగే సేవకులు మాకు తెలుసు. మందిరము కట్టేటప్పుడు స్థలానికి దస్తావేజు రాయించుకొంటాము గదా, బిడ్డకు మాత్రము అక్కరలేదా?

రిజిస్టరు అయిన గృహములో ఆరోగ్యము సంగతి ఎలాగుండాలో 2016లో వచ్చిన నమూనా నియమాలు చెప్పుచున్నవి. ప్రతి బిడ్డను నెలకొకసారి పరీక్షించి రికార్డు రాయవలెను. ఎత్తు, బరువు, వచ్చిన జబ్బు, ఇచ్చిన మందు అందులో ఉండవలెను. టీకాలు చూడవలెను. జబ్బు ముదిరితే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉండవలెను. ఇంగ్లండులో స్థానిక కౌన్సిలు సంరక్షణలో నున్న బిడ్డకు 5 ఏండ్ల లోపు ఆరునెలలకొకసారి, ఆ పైన ఏడాదికొకసారి ఆరోగ్య పరిశీలన జరుగుతుంది. నెలనెలా అని రాసుకొన్న మనము కాగితము మీదనైనా వారికంటె ముందున్నాము!

అయితే ఎంత మంచి గృహమైనా ఆ రికార్డు మొదటి పేజీ ఖాళీగానే మొదలవుతుంది. ఎందుకంటే బిడ్డ చరిత్ర అమ్మమ్మ నోట ఉన్నది. అమ్మమ్మ ఊళ్లో ఉండిపోయింది.

మాకు తెలిసిన ఒక పిల్లవాడున్నాడు. జ్వరము రాకపోయినా వానికి ఫిట్సు వచ్చేవి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు రాసిన మాత్రలు రోజూ పొద్దున, రాత్రి వేసేది అమ్మమ్మ. వాడిని హోముకు పంపిన రోజు మాత్రల డబ్బా గూటిలోనే ఉండిపోయింది. పంపినవారికి ఆ సంగతి తెలియదు. ఫిట్సు మందు ఉన్నట్టుండి ఆపితే జబ్బు మరింత తీవ్రముగా తిరగబడుతుంది. వారము తిరగకముందే వాడు పడిపోయాడు. అక్కడివారు దయ్యమనుకొని ఉపవాస ప్రార్థన పెట్టారు. మూడవ దినమున వానిని అమ్మమ్మే వెదుక్కొంటూ వెళ్లింది, డబ్బా కొంగున కట్టుకొని. ప్రార్థనను మేము తక్కువ చేయుట లేదు. లూకా వైద్యుడని పౌలు రాయుటకు సిగ్గుపడలేదని మాత్రము గుర్తుచేయుచున్నాము.

కాబట్టి సంఘ పెద్దలు, స్త్రీల సమాజము వారు చేయవలసిన పని ఒకటున్నది. బిడ్డను సమితి యెదుటికి తీసుకొని పోకముందు ఒక సాయంత్రము ఆ ఇంట కూర్చొనండి. తల్లీబిడ్డల టీకా కార్డు వెదకండి. అది పోతే ఏ.ఎన్.ఎమ్. రిజిస్టరులో ఉంటుంది, ఆశ కార్యకర్తను అడగండి. పుట్టినప్పుడు బి.సి.జి., పోలియో చుక్కలు, తొమ్మిది నెలలకు తట్టు టీకా, ఐదేండ్లకు బూస్టరు పడినవో లేదో చూడండి. జనన ధృవపత్రము, రేషను కార్డు నకలు పెట్టండి. పిమ్మట ఒక తెల్ల కాగితము మీద అమ్మమ్మ చెప్పినది చెప్పినట్టు రాయండి. ఏ మందు పడదు, పక్క తడుపుతుందా, చెవి కారుతుందా, రాత్రి ఉలిక్కిపడి లేస్తుందా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండెనా. ఏజెన్సీ ప్రాంతపు బిడ్డయైతే సికిల్ సెల్ పరీక్ష జరిగిందా అని తప్పక అడగండి. 2023 నుండి ఆ పరీక్షలు గిరిజన ప్రాంతాలలో విస్తారముగా చేయుచున్నారు. తల్లి చనిపోవుట చూసిన బిడ్డయైతే అదియు రాయండి. నిద్ర పట్టకపోవుట కూడా జబ్బే.

హెచ్.ఐ.వి. సంగతి వేరుగా చెప్పాలి. ఒక కాలములో మన కోస్తా జిల్లాలలో ఆ జబ్బుతో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొన్న పిల్లలను చేర్చుకొన్నవి ఎక్కువగా సంఘాలే. దేవునికి స్తోత్రము. 2004లో ప్రభుత్వము ఉచిత ఏ.ఆర్.టి. మందులు ఆరంభించిన తరువాత ఆ పిల్లలు పెరిగి పెద్దవారగుచున్నారు. ఈ మందు ఒక్క పూట తప్పరాదు. అందుచేత బిడ్డ మారినప్పుడు ఏ.ఆర్.టి. కేంద్రపు పుస్తకము, మందు రెండును బిడ్డతోనే పోవలెను. కాని ఆ సంగతి తెలియవలసినది సమితికి, డాక్టరుకు, మందు ఇచ్చే మనిషికి మాత్రమే. శుక్రవారపు కూడికలో ప్రార్థనాంశముగా పేరు చెప్పి ప్రకటించుట ఎంతమాత్రము తగదు. 2017 నాటి చట్టము కూడా దీనిని నిషేధించినది. ఆ బిడ్డ రేపు అదే వీధిలో నడవాలి, అదే బడిలో కూర్చోవాలి.

ఫోటోల మాట కూడా ఇక్కడే. సంరక్షణలోనున్న బిడ్డ పేరు, ఊరు, బడి, ముఖము పత్రికలలో వేయరాదు, అది శిక్షార్హము. చందాల కొరకు పిల్లల జబ్బులను అచ్చువేసే కరపత్రాలు మాకు నేటికీ తపాలాలో వస్తున్నవి.

మీ మండలములో ఇటువంటి గృహమున్నచో వెళ్లి చూడండి, అయితే క్రిస్మసుకు కేకులు పట్టుకొని కాదు. పిల్లలను బడికి పంపుచున్నారా అని అడగండి. ఎందుకనగా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు బృందము ఏడాదికొకసారి ప్రభుత్వ బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. గుండెలో రంధ్రము, గ్రహణపు మొర్రి, వినికిడి లోపము, కంటి చూపు వంటివి కనిపెట్టి పై వైద్యమునకు పంపేది వారే. 2013లో మొదలైన ఈ ఏర్పాటు 18 ఏండ్ల వరకు పిల్లలందరికి ఉచితము. బడికి పోని బిడ్డ ఆ బృందము కంటపడదు. ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో 10వ తేదీన వేసే నులిపురుగుల మాత్ర, వారము వారము ఇచ్చే ఐరను మాత్ర సంగతి కూడా అడగండి. మీ సంఘములో నర్సులుంటే వారిని వెంట తీసుకొని వెళ్లండి. పండ్లు, కండ్లు, తలలో పేలు, గజ్జి చూచుటకు పెద్ద డాక్టరు అక్కరలేదు.

18 ఏండ్లు నిండినవారు గృహము విడిచి పోవుదురు. చట్టము 21 వరకు ఆసరాకు దారి ఉంచినది గాని, అందరికి అది అందుట లేదు. బయటకు వచ్చే ఆడపిల్లను ఆసుపత్రిలో నర్సు అడిగే మొదటి ప్రశ్న, చిన్నప్పుడు ఏమేమి జబ్బులు చేశాయమ్మా అని. గృహము వారు ఆ 12 ఏండ్ల రికార్డును, పంపిన నాడు మీరు రాసిన ఆ తెల్ల కాగితముతో సహా, ఆమె చేతికి ఇప్పించండి. నకలు కాదు, అసలుదే అడగండి.