కొనేముందు ఊరినడగండి

పోయిన ఎండాకాలం నేను మైదుకూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, నీళ్ల మిషన్లు అమ్మే పిల్లవాడొకడు వచ్చాడు. రెండు గాజు గ్లాసులు అడిగి తీసుకున్నాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు పోశాడు, రెండోదాంట్లో సీసాలో తాను తెచ్చుకున్న ఆర్వో నీళ్లు పోశాడు. సంచిలోంచి అరచేతి వెడల్పు పెట్టె తీశాడు. దానికి కిందివైపు నాలుగు లోహపు కడ్డీలున్నాయి. రెండు గ్లాసుల్లోనూ రెండేసి కడ్డీలు మునిగేట్టు పెట్టి స్విచ్చి వేశాడు. నిమిషం తిరిగేలోపల బోరు నీళ్ల మీద గోధుమరంగు తెట్టు కట్టింది, అడుగున పచ్చని నలుసులు దిగాయి. ఆర్వో గ్లాసు మాత్రం తేటగానే ఉంది.

"ఇన్నాళ్లూ మనం తాగింది ఇదేనా నాయనా!" అని చిన్నమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి ఆర్వో గ్లాసులో వేసి కలిపాను. "మళ్లీ స్విచ్చి వెయ్యి తమ్ముడూ" అన్నాను. ఈసారి ఆ నీళ్లు కూడా అదే రంగుకు తిరిగాయి.

గ్లాసులో జరిగిందేమిటి?

ఆ కడ్డీల్లో ఇనుపవి ఉంటాయి. నీళ్లగుండా కరెంటు పారాలంటే అందులో లవణాలు కరిగి ఉండాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు దండిగా ఉంటాయి కనుక కరెంటు పారుతుంది. అప్పుడు ఇనుపకడ్డీ కొద్దికొద్దిగా కరిగి, ఆక్సిజన్‌తో కలిసి తుప్పవుతుంది. చిన్నమ్మ చూసిన గోధుమరంగు ఆ తుప్పుదే. ఆర్వో నీళ్లలో లవణాలు బహుతక్కువ కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. ఉప్పు పడగానే కరెంటుకు దారి దొరికింది. నీళ్లలో లవణాలున్నాయన్న ఒక్క సంగతే ఆ పెట్టె చెప్పగలదు. ఆ నీళ్లు తాగొచ్చా, తాగకూడదా అన్నది దానికి తెలియదు.

ఫోను ఏ ఊళ్లో కొన్నా ఒకేలా పని చేస్తుంది. నీళ్ల మిషను, కూలరు, ఫ్యాను, గీజరు అలా చేయవు. అవి ఊరి నీళ్లు తాగి, ఊరి గాలి పీల్చి, ఊరి కరెంటుతో నడుస్తాయి. కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, నంద్యాల దారులు కలిసే మన మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర ఏ అంగట్లో నిలబడినా కొన్ని మాటలు వినబడతాయి. "కూలరు పాతకాలపుది, ఏసీ పెట్టించుకో." "ఆర్వో లేకుంటే ఒళ్లు నొప్పులు తప్పవు." "కొత్త ఫ్యాన్లు మూణ్ణాళ్ల ముచ్చట." వీటిలో ఏది ఎంతవరకు నిజమో తేల్చే ఆధారాలు మన ఊరి గాలిలో, నీటిలో, కరెంటు తీగలోనే ఉన్నాయి.

నాపరాయి కరిగిన నీళ్లు

మన కుందూ నది లోయ కింద సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. మన ఇళ్లలో పరుచుకునే నాపరాళ్లు ఆ జాతివే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది కూడా ఈ రాయి కోసమే. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లమవుతుంది. ఆ నీరు లోపలికి దిగుతూ సున్నపురాయిని కరిగించుకుంటుంది. బోరు వేసి మనం పైకి తోడుకునేది ఆ నీటినే. సబ్బు నురగ రాకపోవడానికీ, పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పట్టడానికీ, కుళాయి మూతికి తెల్లగా పేరుకోవడానికీ కారణం ఇదే.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టిన తెల్లపొర మీద నిమ్మకాయ పిండండి. సన్నగా బుసబుసమని నురగ వస్తుంది. నిమ్మపులుపు ఆ పొరను కరిగిస్తుంటే అందులోంచి కార్బన్ డయాక్సైడు బయటపడుతోందన్నమాట. గీజరు లోపలి కడ్డీకి ఇదే పొర పడితే వేడి నీళ్లకు సరిగా అందదు, కరెంటు వృథా అవుతుంది, చివరికి కడ్డీ కాలిపోతుంది. కనుక మన దగ్గర గీజరును ఏటా ఒకసారి విప్పించి శుభ్రం చేయించాలి.

ఇక తాగేనీళ్ల సంగతి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం, నీటిలో కరిగిన మొత్తం లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది. వేరే నీటివనరు లేనిచోట 2000 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అంగట్లో దొరికే పెన్నులాంటి టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి లవణాలను లెక్కగడుతుంది. రోగక్రిములున్నాయో లేదో, ఫ్లోరైడు ఎంతో దానికి అందదు. మీటరు 300 చూపించిన నీళ్లలో క్రిములు ఉండవచ్చు. 900 చూపించిన నీళ్లలో సున్నం తప్ప మరే దోషమూ ఉండకపోవచ్చు.

కాబట్టి సమస్య ఏదో తెలిస్తేనే మందు ఏదో తెలుస్తుంది. టీడీఎస్ 500 లోపుండి భయమల్లా క్రిములదే అయితే యూవీ మిషను చాలు, కాచి చల్లార్చినా చాలు. యూవీ కాంతి క్రిములను పనికిరాకుండా చేస్తుంది గానీ లవణాల జోలికి పోదు. లవణాలు ఎక్కువై నీళ్లు ఉప్పగా, చేదుగా ఉంటే ఆర్వో అవసరం. ఫ్లోరైడు ఎక్కువుంటే నీళ్లు కాచడం పనికిరాదు. నీరు ఆవిరైపోయి మిగిలినదాంట్లో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో గానీ, ఫ్లోరైడును పట్టుకునే ప్రత్యేక ఫిల్టరు గానీ ఉండాలి.

ఆర్వో మిషను నీటిని ఒత్తిడితో సన్నని పొరగుండా నెడుతుంది. నీరు దాటుతుంది, లవణాలు చాలామటుకు ఇవతలే ఆగిపోతాయి. ఆగిన లవణాలను కడిగేయడానికి నీళ్లు కావాలి. ఇళ్లలో వాడే మామూలు మిషను లీటరు మంచినీళ్లకు దాదాపు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఇంటికి రోజుకు 20 లీటర్లు పట్టుకుంటే 60 లీటర్లు కాలువపాలు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో అది చిన్న లెక్క కాదు. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్నచోట ఆర్వో మిషన్లను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడా ఈ వృథాను చూసే. ఆర్వో తప్పనిసరైన ఇంట్లో ఆ గొట్టం కింద ఒక బకెట్టు పెట్టండి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి పనికొస్తాయి. కూలరులో మాత్రం పోయవద్దు. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఎండిన గాలే మన ఆస్తి

మన ఎండను తిట్టుకుంటాం గానీ, ఆ ఎండలో ఒక మేలు దాగుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోవడం మామూలే. ఉతికిన బట్ట గంటలో ఫెళఫెళమంటూ ఎండుతుంది. ఆ గాలికి నీళ్ల దాహం ఎక్కువ. కూలరు నడిచేది ఆ దాహం మీదే.

నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి, చుట్టూ ఉన్న గాలిలోంచే దాన్ని లాక్కుంటుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. గంటకు 5 లీటర్లు ఆవిరి చేసే కూలరు, ఇంట్లోకి వచ్చే గాలి నుంచి తీసేసే వేడి ఇంచుమించు ఒక టన్ను ఏసీ తీసేంత. అయితే ఆ చల్లగాలి గదిలో నిలవదు, కిటికీలోంచి సాగిపోతూ ఉంటుంది. కనుక ఏసీ గదిలోని చలువతో దాన్ని సరిగ్గా పోల్చలేం. కరెంటు ఖర్చు మాత్రం పోల్చవచ్చు. కూలరు 150 నుంచి 200 వాట్లతో నడుస్తుంది. ఒకటిన్నర టన్ను ఏసీ కంప్రెసరు పూర్తిగా పని చేసేటప్పుడు దాదాపు 1,500 వాట్లు తీసుకుంటుంది.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. మట్టికుండ చెమర్చి నీళ్లను చల్లబరిచేదీ, వట్టివేళ్ల తడికె మీద నీళ్లు చల్లితే గాలి చల్లగా వచ్చేదీ ఇలాగే. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరితే పాదరసం ఎక్కడికి దిగుతుందో, కూలరు గాలిని అంతకంటే చల్లబరచలేదు. 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నరోజు ఆ హద్దు దాదాపు 24 డిగ్రీలు. మంచి కూలరు ఆ దూరంలో ఐదింట నాలుగు వంతులు దాటగలదు. అంటే 28 డిగ్రీల దగ్గర గాలి వస్తుంది. అదే కూలరును సముద్రం ఒడ్డున 38 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉన్న ఊళ్లో పెడితే హద్దు 31 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గాలి 32 కంటే దిగదు, పైగా ఒంటికి జిగట. కోస్తా చుట్టాలు "కూలరు దండగ" అంటే వాళ్ల ఊరికి అది నిజమే. మైదుకూరు ఎండాకాలానికి ఆ మాట అతకదు.

కూలరును కిటికీ బయట పెట్టి, ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులు మూసి గదిలోనే పెట్టుకుంటే గంటలో గాలికి దాహం తీరిపోతుంది, ఉక్క మొదలవుతుంది. వానలు పడ్డాక దాన్ని మూలన పెట్టేయడమే.

మన కూలరుకు శత్రువు మళ్లీ ఆ సున్నమే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టిలోనూ గడ్డిలోనూ మిగిలిపోతాయి. టీడీఎస్ 1000 ఉన్న నీళ్లు రోజుకు 40 లీటర్లు ఆవిరైతే 40 గ్రాములు మిగులుతాయి. నెలకు అది కిలో దాటుతుంది. మేనెలాఖరుకు కూలరు గడ్డి పట్టుకుంటే అప్పడంలా విరిగేది అందుకే. ఆర్వో వదిలే నీళ్లలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి కనుక వాటిని పోయవద్దన్నాను. నాలుగైదు రోజులకొకసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కడగండి. దోమలు గుడ్లు పెట్టకుండా ఉండడానికి కూడా అది అవసరం.

ఏసీ అక్కర్లేదని నేననను. ఇంట్లో పసిబిడ్డో, గుండెజబ్బున్న పెద్దవాళ్లో ఉండి, తెరిచే కిటికీ లేని గదైతే ఏసీ ప్రాణం కాపాడే వస్తువు. మిగతా ఇళ్లలో ముందు కూలరుకు అవకాశం ఇవ్వాలి.

ఫ్యాను, కరెంటు

మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర అంతే గాలి ఇస్తుంది. మామూలు మోటారులో తిరిగే భాగాన్ని అయస్కాంతంగా మార్చడానికే కొంత కరెంటు వేడై పోతుంది. బీఎల్‌డీసీలో అక్కడ శాశ్వత అయస్కాంతాలుంటాయి, ఆ ఖర్చు మిగులుతుంది. రోజుకు 16 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లకు పైగా ఆదా. వోల్టేజీ పడిపోయిన రాత్రుల్లోనూ దాని వేగం తగ్గదు. ఇన్వర్టరు బ్యాటరీ మూడు మామూలు ఫ్యాన్లను ఐదు గంటలు నడిపితే, మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లను పన్నెండు గంటల దాకా నడుపుతుంది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి కనుక, కొనేటప్పుడు డబ్బా మీది నక్షత్రాలు చూడవచ్చు.

"మూణ్ణాళ్ల ముచ్చట" అన్న మాటలోనూ కొంత నిజముంది. పాత ఫ్యాను నెమ్మదిస్తే మన వీధి మెకానిక్కు కండెన్సరు మార్చి పది నిమిషాల్లో తిప్పేస్తాడు. బీఎల్‌డీసీలో సర్క్యూటు బోర్డు పోతే ఆ కంపెనీ బోర్డే రావాలి. కనుక ధర అడిగేముందు "బోర్డు పోతే ప్రొద్దుటూరులోనో కడపలోనో దొరుకుతుందా? వారంటీ ఎన్నేళ్లు?" అని అడగండి. అన్ని గదులకూ ఒకేసారి మార్చనక్కర్లేదు. రాత్రింబవళ్లు తిరిగే ఫ్యానును ముందు మార్చండి.

మిద్దె మీది సున్నం

అన్నిటికంటే చౌకైన చలువ యంత్రానికి ప్లగ్గు అక్కర్లేదు. ఎండంతా మిద్దె మీద పడి, సాయంత్రం నుంచి లోపలికి దిగుతుంది. మిద్దెకు తెల్లసున్నం కొడితే ఎండలో పెద్ద భాగం వెనక్కు పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. కూలరు గడ్డిని పాడుచేసే ఆ సున్నమే నెత్తిన పూసుకుంటే ఇంటిని కాపాడుతుంది. మార్చిలో ఒక పూట పని, అంతే.

చిన్నమ్మ ఇంటి నీళ్లను చివరికి జిల్లా నీటి పరీక్షా కేంద్రానికి పంపాం. టీడీఎస్ వెయ్యి దాటింది, ఫ్లోరైడు హద్దులోనే ఉంది. తాగడానికి, వంటకు మాత్రమే ఆర్వో పెట్టించుకుంది. గొట్టం కింద బకెట్టు పెట్టింది. పాత కూలరుకు కొత్త గడ్డి వేయించి, మిద్దెకు సున్నం కొట్టించింది. ఆ పిల్లవాడు అమ్మజూపిన వస్తువే చివరికి ఇంటికొచ్చింది, కానీ ఈసారి పరీక్ష కాగితం చూసి కొన్నాం.

మీరు కూడా ఏ వస్తువుకైనా డబ్బు తీసేముందు మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి, మీ గదిలో గాలి ఎటునుంచి ఎటు పోతుందో చూడండి, పాడైతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉన్నాడో లేదో కనుక్కోండి. ఈ మూడూ తెలిశాకే అంగడి మెట్లెక్కండి.