రైతు మనస్సునకు చెట్టునీడ

ఈ పత్రికలో ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు తరచుగా వ్రాయుచుందుము. ఈ మాసమున రైతు మనస్సును గూర్చి కొంత వ్రాయ దలచితిమి. ఎద్దు మేత మానినయెడల నాటి సాయంకాలమునకే యింటిల్లిపాదికిని తెలియును. దాని చెవి పట్టి చూతురు, పశువైద్యునకు కబురంపుదురు. ఇంటి యజమాని నిద్ర మాని, అన్నము తగ్గించి, పలుకరించినను పలుకక నెలల తరబడి తిరుగుచున్నను, “పంట పోయినది, దిగులుగా నున్నాడు” అని యూరకుందురు. అలసిన మనస్సు లెక్కను తప్పుగా వేయును. అదనున చేయవలసిన పనిని రేపటికి త్రోయును. చిన్న మాటకు అన్నదమ్ములతో కలహము తెచ్చును. కనుక ఇది వ్యవసాయమునకు గాని సహకారమునకు గాని బయటి విషయము కాదు.

చెట్టుచేమల నడుమ గడపిన కాలము మనస్సునకు మేలు చేయునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ మాట వినిన రైతులు నవ్వుదురు. “పొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు మేము చేనిలోనే యుందుము గదా! ఇది పట్టణవాసులకు చెప్పవలసిన మాట” అందురు. ప్రశ్న న్యాయమైనదే, సమాధానమును చేనిలోనే కలదు. రైతు తన ప్రత్తిచేనిని చూచినపుడు పచ్చదనమును చూడడు. ఆకు క్రింద పురుగును చూచును, సాలునడుమ కలుపును చూచును, మందుల అంగడి బాకీని చూచును. మబ్బు పట్టినపుడు ఆకాశపు శోభ నెరుగడు. కళ్లమున నారబోసిన మిరపకాయ తడియునేమో యని తలచును. శరీరము బయలునందున్నది, మనస్సు మాత్రము లెక్కల పుస్తకములోనే యున్నది.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రేచెల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు 1989లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును వివరించిరి. మనుష్యుని ధ్యాస రెండు విధములు. ఒకటి మనము బలవంతముగా పట్టి నిలుపునది; పద్దు వ్రాయునపుడును, మందు కొలిచి కలుపునపుడును వాడునది యిదియే. రెండవది తనంతట తాను పోవునది. ఆకుల కదలిక, నీటిమీది యల, పక్షుల రాకపోకలు దానిని మెల్లగా లాగును. మొదటిది వాడినకొలది అలయును. రెండవది నడచుచుండగా మొదటిది విశ్రమించును. కాడితోనే యెద్దును నీడకు తోలినచో దానికి విశ్రాంతి యెక్కడిది? ముందు కాడి దింపవలెను.

దీనికి నిదర్శన మేమి యని యడుగుట రైతునకు తగినదే. క్రొత్త విత్తనమును పరీక్షింప గోరినపుడు మేము ప్రక్కప్రక్కనే రెండు మడులు కట్టుదుము. నేల యొకటే, నీరొకటే, ఎరువొకటే. విత్తనము మాత్రము వేరు. అప్పుడు గదా దిగుబడిలోని భేదము విత్తనమువలన కలిగినదని చెప్ప వీలగును! రోజర్ ఉల్రిక్ అను శాస్త్రజ్ఞుడు రోగుల విషయమున నిట్టి పద్ధతినే యవలంబించెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున నొక వైద్యశాలలో 1972 మొదలు 1981 వరకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందినవారి కాగితములను ఆయన పరిశీలించెను. అచట కొన్ని గదుల కిటికీలనుండి చెట్లు కనబడును. కొన్నిటినుండి ఇటుకగోడ మాత్రమే కనబడును. వయస్సు, స్త్రీపురుష భేదము, పొగత్రాగు అలవాటు మున్నగువానిలో సమానులైనవారిని జతపరచి 23 జతలను, అనగా 46 మందిని, ఎంచెను. చెట్లు ఆకుతో నుండవలెనని మే 1 మొదలు అక్టోబరు 20 వరకు గల దినములలో చికిత్స పొందినవారినే తీసికొనెను. చెట్లను చూచినవారు శస్త్రచికిత్స తరువాత సగటున 7.96 దినములును, గోడను చూచినవారు 8.70 దినములును వైద్యశాలలో నుండిరి. చెట్లను చూచినవారికి ఘాటైన నొప్పిమందులు తక్కువగా కావలసివచ్చెను. ఈ ఫలితములు 1984లో ప్రకటింపబడినవి. భేదము ముక్కాలు దినమే కావచ్చును. కాని మంచము మీదినుండి కదలని రోగికి కిటికీలోని చెట్టొక్కటియే యంత మేలు చేయుట గమనింప దగినది.

2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన మరియొక పరీక్ష కలదు. 38 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమును పచ్చికయు చెట్లును గల చోటను, రెండవ భాగమును బండ్ల రద్దీ గల రహదారి వెంటను 90 నిమిషములు నడిపించిరి. ఉభయులకును నడక యొకటే. త్రోవ మాత్రము వేరు. పచ్చికలో నడచినవారికి తమ కష్టములనే మరల మరల తలపోయు గుణము తగ్గెను. ఆ గుణముతో సంబంధముగల మెదడు భాగమున పని తగ్గినట్లు యంత్రపరీక్షలోను కనబడెను. రహదారివారిలో నీ మార్పు కానరాలేదు. పశువు నెమరు వేసినచో మేత యరుగును. మనుష్యుడు దుఃఖమును నెమరు వేసినచో నది యరుగదు, దినదినమును బరువగును.

ఎంతకాలము గడుపవలెనను ప్రశ్నకు ఇంగ్లండులో సుమారు 20,000 మందిని విచారించి 2019లో ప్రకటించిన నివేదిక కొంత దారి చూపుచున్నది. వారమునకు 120 నిమిషములు గాని అంతకు మించి గాని ప్రకృతిలో గడపినవారు ఆరోగ్యముగను మనశ్శాంతితోను ఉన్నామని యెక్కువగా చెప్పిరి. ఆ కాలమును ఒక్కమారు గడపినను, పలుమారులుగా గడపినను ఫలమొకటే. అయితే ఇది మడులు కట్టి చేసిన పరీక్ష కాదు, విచారణ మాత్రమే. ఆరోగ్యవంతులే యెక్కువగా బయటికి పోవుచుండవచ్చును గదా. కనుక 120 నిమిషముల మాటను కొలతగా గాక గురుతుగా నుంచుకొనుట మేలు.

మన పెద్దలు ఈ లెక్క లెరుగకున్నను ఆ పని చేయుచునే యుండిరి. కార్తికమాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము, తెలంగాణమున బతుకమ్మకై తంగేడు, గునుగు పూలు కోయుటకు గట్లును బీళ్లును తిరుగుట, ఇవి యన్నియు కాడి దింపిన దినములే. కాని యేటి కొకమారు తడిపిన మొక్క బ్రతుకదు. వారమువారమును కొంత తడి కావలెను.

చేయవలసిన విధము సులభము. వారమున నాలుగు దినములు, దినమునకు అరగంట చొప్పున కేటాయింపుడు. ఎండవేళ వలదు, తెల్లవారినంతనే గాని, పొద్దు వాలిన పిదప గాని పోవుడు. సొంత చేనికి పోవలదు. కలుపు కంటబడగానే నడుము వంగును. మామిడితోపు, కాలువగట్టు, ఊరిబయటి రావిచెట్టు, ఏదైనను సరియే. చేతిఫోనును ఇంటియొద్ద నుంచుడు. మార్కెట్టు ధర అరగంట ఆలస్యముగా తెలిసినంత మాత్రమున నష్టము లేదు. అచట నేమి చేయవలెనని యడుగుదురేమో. ఏమియు చేయనక్కరలేదు. గిజిగాడు గూడల్లుటయో, కొంగలు గూటికి మరలుటయో చూచుచు కూర్చుండుడు. స్త్రీల మాట మరువరాదు. వారు బయటికి పోయినను కలుపుతీతకో, గడ్డికో, కట్టెలకో పోవుదురు గాని ఊరక కూర్చుండుటకు పోరు. వారికి ఆ అరగంట దొరకవలెనన్న, ఇంటిలో మరియొకరు పొయ్యి యొద్ద పని నందుకొనవలెను.

సహకార సంఘము చేయదగిన పనియు కలదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున చెత్త నిండిన 541 ఖాళీ స్థలములతో నొక పరీక్ష చేసి 2018లో ఫలితములు ప్రకటించిరి. కొన్నిట చెత్త తీసి, పచ్చిక చల్లి, కొలది చెట్లు నాటి, పొట్టి కంచె వేసిరి. కొన్నిట చెత్త మాత్రము తీసిరి. కొన్నిటి జోలికే పోలేదు. ఏమియు చేయని చోట్లతో పోల్చగా, పచ్చదనము చేసిన స్థలముల సమీపవాసులలో దిగులుగా నున్నామను మాట నూటికి 41 పాళ్లకు పైగా తగ్గెను. చెత్త మాత్రము తీసినచోట నట్టి స్పష్టమైన ఫలము కానరాలేదు. మన గ్రామములందు సంఘపు గోదాము ముందటి జాగా, బడి వెనుకటి దిబ్బ, చెరువుగట్టు క్రింది పోరంబోకు ఎన్ని యట్లు పడియున్నవో సభ్యులే యెరుగుదురు. అనుమతి కావలసినచోట పంచాయతీ యనుమతి పొంది, తొలకరిలో వేప, కానుగ, నేరేడు మొక్కలు నాటి, ముళ్లకంప చుట్టి, మొదటి రెండు వేసవులు వంతులవారీగా నీరు పోసినచో చాలును. క్రింద నొక రాతిబల్ల వేయుడు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. చెట్టు అప్పు తీర్చదు. ఎండిన పైరును నిలుపదు. అప్పు బరువైనవారు వాయిదా దాటకముందే సంఘమునకు రావలెను. ప్రకృతి వైపరీత్యము ప్రకటింపబడినచోట వాయిదాలు పొడిగించు నిబంధనలు కలవు. రెండు వారములకు మించి నిద్రాహారములు తప్పినవారికిని, దేనియందును ఆశ లేదనువారికిని చెట్టునీడ చాలదు, వైద్యుని చూపవలెను. “ఇక నేనుండి యేమి ప్రయోజనము” అనువానిని క్షణమైనను ఒంటరిగా విడువరాదు. చెరువుగట్టున కొంటరిగా పంపనే రాదు. ఆ మాటను బెదిరింపని తలపక, సూటిగా అడిగి, ఓపికగా వినుడు. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. పురుగుమందులను ఆ యింటినుండి తీసి వేరొకచోట తాళము వేయించుడు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడుదురు. ఈ నంబరును సంఘపు గోడమీద వ్రాయింపుడు.

సభకు వరుసగా రెండుమారులు రాని సభ్యుడెవడో ప్రతి సంఘమునకును తెలియును. నోటీసు పంపుటకు ముందు ఒకరు అతని యింటికి పోయి, “రమ్ము బావా, అట్లు తోపువరకు పోయి వత్తము” అని వెంటబెట్టుకొని పోవలెను. బాకీ మాట ఆనాడు ఎత్తవలదు.