రోము నగరపు కోర్సో వీధి



రోము నగరమున వీధులకు కొదవ లేదు. వానిలో పందెము పేరు మోయు వీధి యొకటి కలదు. అదియే వియా దెల్ కోర్సో. ఇటలీ భాషలో 'కోర్సా' యనగా పరుగు పందెము. ఉత్తరమున పోపొలో కూడలి నుండి దక్షిణమున వెనేజియా కూడలి వరకు సుమారు 1,500 మీటర్లు ఈ వీధి బాణము విడిచినట్లు సాగును.

ఆ తిన్నదనము పురాతనమైనది. క్రీ. పూ. 220లో సెన్సారు పదవియందుండిన గైయుస్ ఫ్లామీనియుస్, రోము నుండి ఏడ్రియాటిక్ తీరముననున్న నేటి రిమినీ వరకు రాజమార్గమును వేయించెను. నగరమునకు చేరువగా నుండిన ఆ బాట భాగమే నేటి కోర్సో. దానికి 'వియా లాతా' యను పేరు తరువాత వచ్చినది. వెడల్పు వీధి యని అర్థము. పది మీటర్ల వెడల్పు గల నేటి వీధిని చూచువారికి ఆ పేరు నవ్వు పుట్టింపక మానదు.

చక్రవర్తులు దీని పొడవునను కట్టించిన వానిలో మార్కస్ అరీలియస్ విజయస్తంభము నేటికిని నిలిచియున్నది. 1589లో అయిదవ సిక్స్‌టస్ పోపు దానిని బాగుచేయించి, అది ఆంటోనైనస్ పయస్‌కు అంకితమైనదని పీఠముపై చెక్కించెను. చరిత్రకారులు దిద్దినను, రాతిమీది పొరపాటు అట్లే యున్నది.

మన దేవాలయములకు రథవీధులున్నట్లు, రోమువారి కార్నివాల్ ఉత్సవమునకు ఇది వీధి యైనది. 1466లో రెండవ పాల్ పోపు పందెములను ఇచ్చటికి మార్పించెను. రౌతులేని గుఱ్ఱములను పోపొలో కూడలి యొద్ద వదలెడివారు. అవి జనము నడుమ దూసికొనివచ్చి, రెండవ కొసన అడ్డముగా కట్టిన వస్త్రముల యొద్ద ఆగెడివి. ఉత్సవపు కడపటి రాత్రి ప్రతివాడును చేత క్రొవ్వొత్తి పట్టుకొని, ఎదుటివాని దీపము నార్పుటకు యత్నించెడివాడు. ఈ వీధిలోనే 18వ సంఖ్య గల ఇంట బస చేసిన జర్మను కవి గేటే 1788 నాటి ఉత్సవమును సవిస్తరముగా వర్ణించినాడు.

ఆ వేడుకలో వినోదముగా చెప్పదగనిది ఒకటి కలదు. గుఱ్ఱములతోపాటు యూదులను కూడ ఈ వీధిలో పరుగెత్తించెడివారు. ఇరువైపుల నిలిచిన జనము వారిని గేలిచేయుచు, బురద విసరెడివారు. రెండువందల యేండ్లు సాగిన ఈ అవమానమును 1668లో తొమ్మిదవ క్లెమెంటు పోపు మాన్పించెను. దానికి బదులుగా యూదులు ఏటేట సొమ్ము చెల్లింపవలసివచ్చెను. పరుగు తప్పినది గాని, ఋణము తప్పలేదన్నమాట. కోర్సో యను ముద్దుపేరు వినునపుడు ఈ సంగతియు జ్ఞప్తికి రావలెనని మా యభిప్రాయము.

వీధిని సుగమము చేయుటకై 1662లో ఏడవ అలెగ్జాండరు పోపు, 'పోర్చుగలు తోరణము'గా పేరొందిన పురాతన ద్వారమును పడగొట్టించెను. పందెమునకు త్రోవ దొరికినది, తోరణము పోయినది. దాని శిల్పఫలకములు రెండు మాత్రము కాపిటోలైన్ మ్యూజియమునకు చేరినవి.

పోయినవి ఉండగా, దొరికినదొకటి కలదు. క్రీ. పూ. 9లో అగస్టస్ పేర ప్రతిష్ఠింపబడిన శాంతివేదిక ముక్కలు 1568లో ఈ వీధి ప్రక్కనున్న సౌధము పునాదులలో బయటపడినవి. మిగిలిన భాగములను వెలికితీయుట సులభము కాలేదు. శతాబ్దములుగా నేల పెరిగిపోవుటచే వేదిక లోతున, నీరూరు మట్టిలో చిక్కుకొనియుండెను. నీటిని తోడినచో పైనున్న సౌధము క్రుంగును. అందుచే 1937–38లో ఇంజనీర్లు నేలలోనికి గొట్టములు దింపి, బొగ్గుపులుసు వాయువు సాయమున చుట్టునున్న తడిమట్టిని గడ్డకట్టించిరి. ఆ మంచుగోడ నీటిని ఆపగా, లోపల త్రవ్వకము సాగినది. వేదికను టైబరు నది యొడ్డునకు తరలించి మరల కూర్చిరి.

ఇక పేరు మాట. 1900లో హంబర్టు రాజు హత్యకు గురియైన పిమ్మట ఈ వీధికి ఆయన పేరు పెట్టిరి. 1944లో దానిని 'ప్రజల కోర్సో'గా మార్చిరి. రెండేండ్లకే, 1946లో, పందెము పేరు తిరిగివచ్చినది. గుఱ్ఱపు పందెములు నిలిచిపోయి అప్పటికే అర్ధశతాబ్దము దాటినది.