తెరచుకొను పట్టికలు, దాగియుండు గడులు

పరీక్షకు దరఖాస్తు పెట్టవలెనన్నను, పొలము అడంగలు చూడవలెనన్నను, తుఫానుకు పోయిన పంటను నమోదు చేయింపవలెనన్నను నేడు జనులు వెబ్ పుటలనే ఆశ్రయించుచున్నారు. 'మీభూమి' వంటి పుటలను తెరచినవారు ఒక చమత్కారమును గమనించియుందురు. మొదట 'జిల్లా' అను గడి యుండును. దానిని తాకగానే చుట్టిన చాప విప్పినట్లు జిల్లాల పేర్లన్నియు క్రిందికి పరచుకొనును. కృష్ణా అని ఎన్నుకొన్నచో 'మండలము' అను రెండవ గడిలో ఆ జిల్లా మండలములు మాత్రమే చేరును. అవనిగడ్డ అన్నచో మూడవ గడిలో ఆ మండలపు గ్రామములు మాత్రమే నిలుచును. జిల్లా మార్చినచో క్రింది పేర్లన్నియు మారిపోవును. ఇది ఎట్లు జరుగుచున్నది? దీనిని మనమే తయారుచేయుట సాధ్యమా? సాధ్యమే. పదవ తరగతి విద్యార్థి ఒక వారము ఓపిక పట్టినచో చేయగలడు. అయితే చేయుట సులభమే గాని, తప్పు లేకుండ చేయుట అంత సులభము కాదు. ఈ వ్యాసమున ఎక్కువభాగము ఆ రెండవ సంగతిని గురించియే.

ఇట్లు క్రిందికి దిగు పట్టికను డ్రాప్‌డౌన్ మెనూ అందురు. గడికి గడిని ముడివేయుట ఎందుకు, మండలములన్నిటిని ఒకే పట్టికలో పెట్టరాదా అని అడుగవచ్చును. ఆంధ్రప్రదేశములో మండలములు 600కు పైగా ఉన్నవి. చిన్న మొబైలు తెరపై అంత పట్టికను వ్రేలితో తోసుకొనుచు పోవుట విసుగు పుట్టించును. అంతకంటె బలమైన కారణము మరియొకటి కలదు. మచిలీపట్నమునకు చేరువను గూడూరు అను మండలము ఉన్నది. కర్నూలు జిల్లాలో మరియొక గూడూరు ఉన్నది. అభ్రకమునకు పేరుపడిన గూడూరు ఇంకొకటి. అది నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాకు చేరినది. గన్నవరము దాపున ఉంగుటూరు ఉన్నది. పూర్వపు పశ్చిమ గోదావరిలోను ఉంగుటూరు ఉన్నది. ఒకే పట్టికలో మూడుసార్లు 'గూడూరు' అని కనిపించినచో దరఖాస్తుదారుడు దేనిని తాకవలెను?

దీనికి ఎదురు చిక్కు కూడ మన ప్రాంతముననే కలదు. మచిలీపట్నమును జనులు బందరు అందురు. అక్కడ మూడు ఊళ్లకు ఒక పేరు, ఇక్కడ ఒక ఊరికి రెండు పేర్లు. కావున యంత్రము పేరును నమ్ముకొనరాదు. పట్టికలోని ప్రతి అంశమునకు రెండు భాగము లుండును. ఒకటి కంటికి కనిపించు పేరు; రెండవది లోపల నుండు సంకేతము, దీనిని వాల్యూ అందురు. మనము పేరును తాకుదుము, సర్వరుకు పోవునది సంకేతము. తరగతిలో ఒకే పేరుగల పిల్లలు ముగ్గురున్నప్పుడు హాజరుపట్టీలోని నెంబరు ఎట్లు పనిచేయునో ఇదియు అట్లే. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామము వరకు ఇట్టి సంకేతములు ఇయ్యబడినవి.

ఇక పుట నిర్మాణము. వెబ్ పుటలో మూడు భాషలు కలిసి పనిచేయును. ఏ గడి ఎక్కడ ఉన్నదో చెప్పునది హెచ్.టి.ఎం.ఎల్. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్ లీ దీనికి మూలపురుషుడు. రంగులు, కొలతలు, ఏది కనబడవలెను ఏది కనబడరాదు అనునవి చెప్పునది సి.ఎస్.ఎస్.; 1994లో హోకోన్ వియుం లీ దీనిని ప్రతిపాదించెను. చదువరి తాకినపుడు ఏమి జరుగవలెనో చెప్పునది జావాస్క్రిప్టు. నెట్‌స్కేప్ సంస్థలో 1995లో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపమును పదిదినములలో వ్రాసెను. పదిదినముల పనియని దీనిని తక్కువగా చూచినవారు కొందరు లేకపోలేదు. నేడు ప్రపంచమున దాదాపు ప్రతి వెబ్ పుట దానిమీదనే నడచుచున్నది.

మన గడులు 'సెలెక్ట్' అను అంశముతోను, వానిలోని పేర్లు 'ఆప్షన్' అను అంశములతోను ఏర్పడును. చదువరి జిల్లా మార్చగానే బ్రౌజరు 'చేంజ్' అను ఒక సూచనను పంపును. జావాస్క్రిప్టు ఆ సూచనకై చెవియొగ్గి యుండును. సూచన అందగానే అది చేయవలసిన పనులు నాలుగు: మండలముల గడిని ఖాళీ చేయుట, గ్రామముల గడిని కూడ ఖాళీ చేయుట, ఎన్నుకొన్న జిల్లా సంకేతము గల మండలములను ఏరుట, వానిని ఒక్కొక్కటిగా గడిలో చేర్చుట. ఏరుటకు వీలుగా మండలముల జాబితా ముందే సిద్ధమై యుండవలెను. అందులో ప్రతి మండలమునకు దాని పేరు, దాని సంకేతము, అది ఏ జిల్లాకు చెందునో ఆ జిల్లా సంకేతము, ఈ మూడును ఉండవలెను. ఇంతకు మించి ఇందులో మర్మమేమియు లేదు.

ఈ నాలుగు పనులలో మొదటి రెండే మరపున పడుచుండును. డెల్టాలో పెరిగిన పిల్లలకు దీనిని బోధించుట మిక్కిలి తేలిక. విజయవాడ చెంత 1957లో పూర్తియైన ప్రకాశం బారేజి వెనుక నిలిచిన నీరు బందరు కాలువలోనికి, దానినుండి చీలిన కాలువలలోనికి, ఆపై తూము ద్వారా బోదెలోనికి వచ్చును. పైన తలుపు దించినంత మాత్రమున బోదెలో నిలిచిన నీరు దానంతట అది పోవునా? పోదు; దానిని మురుగుకు వదలవలెను. పట్టికలును ఇంతే. జిల్లాను కృష్ణానుండి ఏలూరుకు మార్చినను, క్రింది గడిని ఖాళీ చేయనిచో అవనిగడ్డ అందులోనే ఉండిపోవును. దరఖాస్తు 'ఏలూరు జిల్లా, అవనిగడ్డ మండలము' అని పోవును. అట్టి మండలము లోకములో లేదు.

మరియొక పొరపాటు ఇంతకంటె నిశ్శబ్దముగా జరుగును. గడిని నింపినపుడు మొదట 'మండలమును ఎన్నుకొనుడు' అని సంకేతము లేని ఒక ఆప్షను పెట్టవలెను. పెట్టనిచో బ్రౌజరు పట్టికలోని మొదటి పేరునే ఎన్నుకొన్నట్లు భావించును. కృష్ణా జిల్లాలో తెలుగు వరుసనైనను ఇంగ్లీషు వరుసనైనను మొదట వచ్చునది అవనిగడ్డయే. రెండవ గడిని తాకుట మరచిన నాగాయలంక రైతు, పెడన నేతగాడు, గుడివాడ విద్యార్థి అందరును అవనిగడ్డ వాసులైపోవుదురు! ఒక మండలమునుండి దరఖాస్తులు అకారణముగా మిక్కుటముగా వచ్చినప్పుడు అధికారులు మొదట అనుమానింపవలసినది ఆ మండల జనమును కాదు, పట్టికలోని మొదటి పేరును.

వరుస ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. పేర్లను ఇంగ్లీషు అక్షరముల వరుసలో పెట్టి పైన తెలుగు లిపి తొడుగుట మంచిది కాదు. అప్పుడు అవనిగడ్డ తరువాత బంటుమిల్లి, ఆపై చల్లపల్లి, ఘంటసాల, గూడూరు, కోడూరు వచ్చును. తెలుగు బడిలో చదివినవాడు 'క' వర్గమును 'చ' కు ముందు వెదకును, 'బ' ను చాల దిగువన వెదకును. జావాస్క్రిప్టుకు తెలుగు అక్షరక్రమము తెలియును. అడిగినచో ఆ క్రమముననే పేర్చును. అడుగుటయే మన పని.

జాబితా మరీ పెద్దదైనచో, అనగా రాష్ట్రమందలి గ్రామములన్నియు కావలసివచ్చినచో, దానిని పుటతోపాటు ముందే పంపుట దండుగ. జిల్లాను ఎన్నుకొన్న పిమ్మటనే సర్వరును అడిగి తెప్పించుకొనవచ్చును. ఇందు ఒక అపాయము పొంచియున్నది. ఒకడు తొందరలో కృష్ణాను తాకి, వెంటనే పొరపాటు గ్రహించి కర్నూలు అని మార్చెననుకొనుడు. సర్వరుకు రెండు ప్రశ్నలు పోయినవి. సిగ్నలు సరిగా లేనిచోట కర్నూలు జవాబు ముందు వచ్చి, కృష్ణా జవాబు ఆలస్యముగా వచ్చుటకు వీలున్నది. వెనుక వచ్చినది ముందు వచ్చినదానిని తుడిచివేయును. పైన కర్నూలు, క్రింద కృష్ణా మండలములు! మచిలీపట్నము, పెడన అని కనిపించినచో ఆతడు తప్పును కనిపెట్టును. కాని ఆతనికి కావలసినది గూడూరు. ఆ పేరు ఆ పట్టికలోను ఉన్నది. సంతోషముగా తాకును. కృష్ణా జిల్లా గూడూరు సంకేతము పోవును. కావున జవాబు వచ్చినపుడు, 'ఈ జవాబు ఏ జిల్లాకు సంబంధించినది? ఆ జిల్లాయే ఇప్పుడును పై గడిలో ఉన్నదా?' అని సరిచూచి, లేనిచో ఆ జవాబును పారవేయవలెను. అంతటితో ఊరకుండక, దరఖాస్తు చేరిన పిమ్మట సర్వరు కూడ ఆ మండలము ఆ జిల్లాదేనా అని మరల పరీక్షింపవలెను.

ఇక దాగియుండు గడుల సంగతి. పంట నమోదు పత్రమొకటి మనమే తయారుచేయుచున్నామని ఊహింతము. 'భూమి సొంతమా, కౌలా?' అని అడిగితిమి. కౌలు అన్నచో 'భూయజమాని పేరు' అను గడి కనబడవలెను. సొంతము అన్నచో అది దాగవలెను. దివిసీమవంటి చోట్ల కౌలుసేద్యము విస్తారము గనుక ఇది ఊసుపోకకు చెప్పిన ఉదాహరణము కాదు. దాచుటకు సి.ఎస్.ఎస్.లో రెండు మార్గములు. 'డిస్‌ప్లే' అను లక్షణమును 'నన్' అన్నచో గడితోపాటు దాని జాగా కూడ పోవును, క్రింది గడులు పైకి జరుగును. 'విజిబిలిటీ'ని 'హిడెన్' అన్నచో గడి మాయమగును గాని జాగా ఖాళీగా మిగులును. మన పత్రమునకు మొదటిదే తగును. ఈ రెండు విధములను అంధులకు పుటను చదివి వినిపించు సాధనము కూడ ఆ గడిని విడిచిపెట్టును. రంగును పలుచన చేసి పూర్తిగా పారదర్శకము చేసినచో మాత్రము కంటికి కనబడకున్నను చెవికి వినబడును. కొందరు ఇది తెలియక అట్లు దాచుదురు.

అసలు మెలిక ఇక్కడ ఉన్నది. ఒక రైతు మొదట కౌలు అని తాకి, యజమాని పేరు వ్రాసి, పిదప ఇది తన సొంత చేనే గదా అని జ్ఞప్తికి వచ్చి సొంతము అని మార్చెను. గడి మాయమైనది. ఆ పేరు పోయినదా? పోలేదు. దాచిన గడి పత్రములోనే ఉన్నది. 'పంపు' బటను నొక్కగానే అందులోని పేరును వెంట పోవును. సొంత భూమికి పరాయి యజమాని పేరు దాఖలాకెక్కును. నష్టపరిహారపు జాబితా వ్రాయువేళ ఆ పేరు ఎవరి కంటబడునో, దాని పర్యవసానమేమో చెప్పనక్కరలేదు. దాచుట వేరు, తీసివేయుట వేరు. గడిని దాచునపుడే దానిని 'డిసేబుల్డ్' చేయవలెను; అట్లు చేసిన గడిలోని విషయమును బ్రౌజరు పంపదు. రైతు మరల కౌలు అన్నచో దానిని మేల్కొలుపవచ్చును, వ్రాసిన పేరు అట్లే ఉండును. ఇదే కారణమున రహస్యములను దాచిన గడిలో పెట్టరాదు. ప్రశ్నపత్రపు పుటలో జవాబులను దాచిపెట్టిన ఉపాధ్యాయుని గుట్టు, పుట మూలమును తెరచి చూచుట నేర్చిన మొదటి విద్యార్థి చేతిలో బయటపడును.

సూచనలను, వివరణలను మాత్రమే తెరచి మూయవలెనన్నచో జావాస్క్రిప్టు అక్కరలేదు. 'డీటెయిల్స్', 'సమ్మరీ' అను రెండు హెచ్.టి.ఎం.ఎల్. అంశములు చాలును, శీర్షికను తాకగానే లోపలి విషయము తెరచుకొనును, మరల తాకినచో మూసికొనును. కీబోర్డుతోను పనిచేయును. మౌసు పైన నిలిపినపుడు మాత్రమే తెరచుకొను మెనూలను మాత్రము మానుట మేలు. మొబైలులో వ్రేలు గాలిలో నిలిపినచో ఏమియు తెరచుకొనదు.

జాబితాను ప్రోగ్రాము మధ్యలో వ్రాసివేయక వేరుగా ఉంచుట ఎందులకో 2022 మనకు నేర్పినది. ఆ ఏడు ఏప్రిల్ 4న రాష్ట్రములోని 13 జిల్లాలు 26 అయినవి. గుడివాడకు దగ్గరనున్న ముదినేపల్లి, కైకలూరు మండలములు కృష్ణానుండి ఏలూరు జిల్లాకు పోయినవి. విజయవాడ ముఖ్యపట్టణముగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినది. జాబితా వేరుగా ఉన్నచోట ముదినేపల్లి ఎదుటనున్న జిల్లా సంకేతమును మార్చిన చాలును. ప్రోగ్రాములో కలిపి వ్రాసినచోట వెదకి వెదకి దిద్దవలెను, ఒకటి రెండు తప్పక మిగులును.

బడిలో చేయదలచినవారు మొదట కంప్యూటరు ముట్టక కాగితముపై ప్రారంభింపవచ్చును. ఇద్దరు విద్యార్థులు రెండు గడులుగా నిలబడవలెను. ఒకడు జిల్లా పేరు చెప్పగానే రెండవవాడు చేతిలోని చీటీలన్నిటిని క్రింద పెట్టి, ఆ జిల్లా మండలముల చీటీలను తీసికొనవలెను. చీటీకి ముందు పేరు, వెనుక సంకేతము ఉండవలెను. ఈ ఆట తప్పులేకుండ సాగిన పిమ్మట పుట తయారుచేసి పరీక్షింపుడు. కృష్ణా, గూడూరు ఎన్నుకొనుడు. తరువాత జిల్లాను కర్నూలుకు మార్చుడు. రెండవ గడి 'ఎన్నుకొనుడు' అని మరల అడిగినచో సరే. 'గూడూరు' అనియే నిలిచియున్నచో, పేరు సరిపోయినదని సంబరపడక, దాని వెనుకనున్న సంకేతము ఏ జిల్లాదో తెరపై అచ్చువేయించి చూడుడు.